ఓడ కట్టే వడ్రంగి

పిల్లలూ! మీకు బొమ్మలు గీయడం ఇష్టం కదా? తన ఊరి పనులను బొమ్మలలో దాచిన ఒక చిత్రకారుని గురించి చదవండి.

కువైట్ ఒక అరబ్బు దేశం. అది సముద్రతీరాన ఉన్నది. అక్కడ 1932లో అయ్యూబ్ హుస్సేన్ పుట్టారు. ఆయన ఉపాధ్యాయులు, చిత్రకారులు. పాతకాలపు ఇళ్ళను, వీధులను, పిల్లల ఆటలను, చేతిపనులను వందల చిత్రాలలో గీశారు. 2013లో మరణించారు.

ఆ ఊరి చేతిపనులలో ఓడ కట్టడం గొప్పది. ఓడ కట్టే వడ్రంగిని అక్కడ 'గల్లాఫ్' అంటారు. పెద్ద మేస్త్రీని 'ఉస్తాద్' అంటారు.

కువైట్ ఎడారి దేశం. మరి ఓడకు కొయ్య ఎక్కడిది? మన పెద్దలు పుట్టిన ఇండియాదే! మలబారు తీరం నుంచి టేకు కొయ్య ఓడలలో వచ్చేది.

మొదట అడుగున పొడవైన దూలం వేసేవారు. అది ఓడకు వెన్నెముక. దానికి రెండు వైపులా పలకలు అమర్చేవారు. లోపల పక్కటెముకల వంటి వంపు కొయ్యలు బిగించేవారు. నూనెలో తడిపిన పత్తిని పలకల సందులలో కూరేవారు. అప్పుడు నీరు లోపలికి రాదు.

మేస్త్రీ ముందు ఏ పటమూ ఉండేది కాదు. ఓడ ఆకారమంతా ఆయన కంటిలోనే, చేతిలోనే ఉండేది.

1946లో కువైట్ నుంచి చమురు ఎగుమతి మొదలైంది. కొత్త ఉద్యోగాలు వచ్చాయి. కొయ్య ఓడల పని తగ్గిపోయింది. 1938లో కట్టిన 'ఫతహ్ అల్ ఖైర్' అనే ఓడను మాత్రం అక్కడి సైన్సు కేంద్రం దగ్గర భద్రపరచారు.

చిత్రం చూస్తే పాత పని ఎలా ఉండేదో తెలుస్తుంది. కాని చిత్రం చూసి ఓడ కట్టలేము. పని నేర్పడానికి మనిషి కావాలి.

మన పెద్దలలో కొందరు కోరంగి రేవులో ఓడ ఎక్కి మారిషస్ వచ్చారు. ఆ కోరంగిలోనూ కొయ్య ఓడలు కట్టేవారు. మీ తాతయ్యకు, నాయనమ్మకు ఏ చేతిపని వచ్చునో అడగండి. చేసి చూపమనండి. వారి పక్కన కూర్చుని నేర్చుకోండి. తరువాత బొమ్మ గీయండి. బొమ్మ కింద వారి పేరు రాయండి.

అభ్యాసము

1. ఓడకు వెన్నెముక వంటిది ఏది?
2. పలకల సందులలో పత్తిని ఎందుకు కూరేవారు?
3. కొయ్య ఓడల పని ఎందుకు తగ్గిపోయింది?
4. ఈ మాటలతో వాక్యాలు రాయండి: దూలం, పలక, సందు, రేవు.