మేనల్లునికి లేఖ: వైల్డ్‌క్యాట్ తూటాను గూర్చి



నాయనా, కొలరాడో కొండలలో ఎల్క్ వేటకై ఒక రైఫిలును ప్రత్యేకముగా కట్టించుకొనవలెననియు, దానికి అంగడిలో దొరకు తూటాను గాక నీవే కల్పించిన వైల్డ్‌క్యాట్ తూటాను అమర్చుకొనవలెననియు నీవు వ్రాసిన ఉత్తరము చదివి మిక్కిలి సంతోషించితిని. స్వహస్తములతో కొలిచి, తూచి, పరీక్షించి చేసికొను పనియందు అభిరుచి కలుగుట మంచి లక్షణము. అయితే ఆ తూటావలన నీవు కోరునదేమి యని ఉత్తరమంతయు వెదకితిని; వేగము అను ఒక్క మాట తప్ప వేరు సమాధానము కానరాలేదు. నీకు ముందుగా చెప్పవలసినది అచ్చటనే ఉన్నది.

ప్రసిద్ధమైన యొక తూటాయొక్క ఇత్తడి కేసును తీసికొని, దాని మెడను కుదించియో వెడల్పు చేసియో, భుజమును జరిపియో క్రొత్త రూపము నిచ్చి, ఏ కర్మాగారమును తయారుచేయని తూటాను పుట్టించుటయే కదా వైల్డ్‌క్యాట్ పద్ధతి! ఈ విద్యకు అమెరికాలో శతాబ్దికి మించిన చరిత్ర కలదు. 1920 ప్రాంతమున అడాల్ఫ్ నీడ్నర్ .30-06 మెడను కుదించి రూపొందించిన .25-06 తూటా, అర్ధ శతాబ్దికాలము తుపాకి పనివారి చేతులలోనే పెరిగి, 1969లో రెమింగ్టన్ సంస్థ ఆమోదమును పొందినది; .250 సావేజ్ నుండి పుట్టిన .22-250కి 1965లో అట్టి గౌరవమే లభించినది. దూరమున నున్న చిన్న లక్ష్యమును తిన్నని గమనముతో కొట్టవలెనను నిజమైన అవసరమును తీర్చుటచేతనే ఇవి నిలిచినవి. ఏ కొరతయు తీర్చలేనివి, వానిని కల్పించినవారి నోటుపుస్తకములలోనే మిగిలిపోయినవి.

వేగమును గూర్చిన లెక్క యొకటి ఎరుగుము. పీడనము మారకుండగా కేసు లోపలి చోటు నూటికి 4 వంతులు పెరిగినచో, వేగము నూటికి సుమారు 1 వంతు మాత్రమే పెరుగును. ఇంతకు మిక్కిలి లాభము కలిగినదని చెప్పుకొనువారు, తెలిసియో తెలియకయో, అధిక పీడనమును సంపాదించి దానిని ఆకారమహిమ యనుకొనుచున్నారు.

కావున నీకు నా సలహా .280 ఆక్లీ ఇంప్రూవ్డ్. కొలరాడోలోని ట్రినిడాడ్ కళాశాలలో తుపాకుల పని నేర్పి, 1962లో తూటాలు నింపుకొనువారికై పెద్ద గ్రంథము వెలువరించిన పి.ఓ. ఆక్లీ, కేసు పార్శ్వముల వాలును తగ్గించి, భుజమును 40 డిగ్రీలకు నిలిపి ఈ తరగతి తూటాలను పెంపొందించెను. .280 ఆక్లీ ఇంప్రూవ్డ్ నేడు వైల్డ్‌క్యాట్ దశను దాటి ప్రామాణిక తూటాగా గుర్తింపు పొందినదే. అందుచేత నీకు చిన్నతనము తోచవచ్చును గాని, నేర్చుకొనువానికి ఇంతకంటె మంచి గురువు లేదు. మాతృకయైన .280 రెమింగ్టన్ తూటాను సరిగా కట్టిన ఈ ఛాంబరులోనే పేల్చవచ్చును. పేలినప్పుడు కేసు ఛాంబరు గోడలకు వ్యాకోచించి, క్రొత్త రూపము దాల్చి వెలికి వచ్చును. వేటలో తూటాల పెట్టె పోగొట్టుకొన్నను, సమీపమున నున్న పట్టణములో మాతృక తూటా దొరకిన చాలును, రైఫిలు పనికిరాకపోదు.

'సరిగా కట్టిన' యను మాటలోనే సర్వమును ఉన్నది. ఆక్లీ సంప్రదాయము ననుసరించి, ఛాంబరు హెడ్‌స్పేస్ (బోల్టు ముఖమునుండి కేసు భుజము ఆనుచోటి వరకు గల దూరము) మాతృకకు వాడు గో-గేజి కంటె 0.004 అంగుళము తక్కువగా నుండవలెను. అప్పుడు బోల్టు మూయగానే మెడయు భుజమును కలియు చోట కేసు స్వల్పముగా నొక్కుకొని కదలక నిలుచును. ఈ బిగువు లేనిచో, ఫైరింగ్ పిన్ను తాకుడుకు కేసు ముందునకు జారును. మందు మండగానే ముందుభాగము గోడలకు అతుక్కొనును, వెనుకభాగము బోల్టు వైపునకు సాగును, అడుగునకు కొంచెము పైన ఇత్తడి ఉంగరమువలె పలుచనగును. ఆ కేసునే మరల మరల నింపి పేల్చినచో ఒకనాడు అచ్చటనే తెగి రెండగును. పాత బ్యారెలును ఒక మరచుట్టు వెనుకకు జరుపక, ఉన్న ఛాంబరులోనే క్రొత్త రీమరును త్రిప్పి యిచ్చెదనను పనివాడు ఎంత చవుకగా చేసినను, అతనికి నీ రైఫిలు అప్పగింపకుము. వంచిన సన్నని తీగతో కేసు లోపలిగోడను తడవి చూచు అలవాటు మాత్రము మొదటినుండి చేసికొనుము. గాడి తగిలిన కేసును నిర్దాక్షిణ్యముగా నలిపి పారవేయుము.

మునుముందు మెడ కుదించు తూటాలకు పూనుకొందువేని, కుదించిన మెడలో ఇత్తడి దళసరి యగునని మరువకుము. గుండును విడుచుటకు మెడ విచ్చుకొను చోటు ఛాంబరులో లేనిచో పీడనము ఒక్కసారిగా ఎగయును. మెడను మెత్తబరచుటకు కాచునప్పుడు వేడి భుజమును దాటి అడుగునకు పోరాదు; అడుగు మెత్తబడిన కేసు పీడనమును ఆపలేదు.

మందు నింపుటలో, ఇతరుల రైఫిలుకు సరిపడిన తూకము నీ రైఫిలుకు ప్రమాణము కానేరదు. అచ్చుపుస్తకములోని కనిష్ఠమున మొదలిడి, క్రోనోగ్రాఫుతో వేగము కొలుచుచు, మెల్లమెల్లగా పైకి పొమ్ము. నీ బ్యారెలు పొడవునకు పుస్తకము చెప్పు వేగమునకు మించి వచ్చినచో అది పీడనమేయని గ్రహించి వెనుకకు దిగుము. ప్రైమరు ఆకారము చూచి పీడనమును నిర్ణయించుట నమ్మదగిన పద్ధతి కాదు. బోల్టు ఎత్తుటకు బిగిసినదా, నీవు హద్దును అప్పటికే దాటితివి. బల్లమీద ఒక్క మందు డబ్బా తప్ప రెండవది ఉండనీయకుము.

బ్యారెలుపై తూటా పేరు స్పష్టముగా చెక్కించుము. నీ తరువాత ఆ రైఫిలు ఎవరి చేతికి పోవునో తెలియదు. నీవు నింపిన తూటాలను స్నేహితులకు ఇయ్యకుము, అమ్మనే అమ్మకుము. అమ్మకమునకై చేయుటకు ఆ దేశములో వేరే లైసెన్సు కావలెను. సెలవులకు ఊరికి వచ్చునప్పుడు నీ సామానులో ఒక్క ఖాళీ కేసైనను ఉండరాదు. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము లైసెన్సు లేని తూటా విషయమున మిక్కిలి కఠినమైనది.

బ్యారెలుకు బయానా యిచ్చుటకు ముందు రీమరు నమూనాచిత్రమును, పనివాడు చెప్పిన హెడ్‌స్పేస్ కొలతలను నాకు పంపుము. వానిని చూచి నేను ప్రత్యుత్తరము వ్రాయువరకు డబ్బు కట్టవలదు.

ఇట్లు,
నీ మేనమామ