పక్షుల యీకలేల రాలును?

వానకాలము ముగియు దినములలో మన పెరళ్లలో దిరుగాడు గోరువంకలలో నొకదానికి తలపై నీకలు లేక పసుపుపచ్చని చర్మము బయటబడియుండుట చదువరులలో ననేకులు చూచియుందురు. చూచినవారిలో గొందఱు జాలిచే దానిని పట్టి, గంపక్రింద మూసి, నూనె పూయుదురు. మఱికొందఱు రోగపుపిట్టయని తఱిమివేయుదురు. ఈ రెండు తీర్పులును సాక్ష్యము విచారింపకయే చెప్పబడినవి.

ఈక యనునది మన గోరును, వెండ్రుకను బోలిన నిర్జీవపదార్థము. పెరుగుట ముగిసిన పిమ్మట దానిలో రక్తము పాఱదు, చిరిగినచో మానదు. ఎండకును, కొమ్మల రాపిడికిని అరిగిపోవును. కావున పెక్కు పక్షులు ఏటి కొకమాఱు, పిల్లలను బెంచుట ముగిసిన వెనుక, పాతయీకలను విడిచి క్రొత్తవానిని దాల్చును. నెమలి తన పింఛమును రాల్చుటయు నిట్టిదే.

ఇందలి క్రమము మిక్కిలి చూడదగినది. గోరువంకవంటి పిట్టలు రెక్కయీకల నన్నింటి నొక్కసారి విడువవు. కుడిరెక్కనుండి యొకటి రాలినచో దానికి జోడైనది యెడమరెక్కనుండియు నించుమించుగా నప్పుడే రాలును. అచ్చట క్రొత్తది కొంత యెదిగినగాని ప్రక్కది కదలదు. అందుచే తూకము చెడదు, ఎగురుట నిలువదు. బాతులు మాత్రము రెక్కయీకల నొక్కుమ్మడిగా విడిచి, కొన్ని వారములు ఎగురలేక నీటిమొక్కల మాటున దాగి బ్రదుకును. తలయీకలును సామాన్యముగా గొద్దికొద్దిగనే మాఱును. ఏ యొక్కదానికో యవి యొక్కపెట్టున రాలి తల బోడియగును. కొన్ని వారములలో ముండ్లవంటి మొలకలు లేచి తల మరల నిండును.

తల బోడియగుటకు వేఱొక కారణమును గలదు. పక్షి తన మేనినంతయు ముక్కుతో దువ్వి పేలను, సూక్ష్మకీటములను తొలగించుకొనును గాని, తన ముక్కు తన తలకందదు. ఆ పురుగులకు నదియే నిర్భయస్థానము. పొట్టక్రింది బోడితనము వేఱు: పొదుగు దినములలో నచ్చటి యీకలు రాలి, వట్టిచర్మము గ్రుడ్లకు దగిలి వెచ్చదన మిచ్చును. తోకలేని పావురము కనబడినచో పిల్లిని శంకింపవచ్చును. పట్టువడిన పావురము తోకయీకలను శత్రువునోట విడిచి తప్పించుకొనగలదు.

నూనె పూయుట మాత్రము కీడే. అది యీకలను ముద్దచేసి చలినుండి రక్షణ లేకుండ జేయును; దువ్వుకొనునప్పుడు కడుపులోనికి బోవును. ఎగిరి తిరుగు బోడిపిట్టకు చేయదగిన యుపకారము పళ్లెములో నిన్ని నీళ్లుంచుటయే. మనిషి దగ్గఱకు వచ్చినను కదలక, మేను ఉబ్బించుకొని కూర్చున్నదే నిజమైన రోగి.

ఊడబెఱికిన యీక స్థానమున క్రొత్తది త్వరలోనే మొలచును. కత్తిరించిన దానికి మాత్రము తరువాతి యీకలమార్పువఱకు గడువు. పంజరపు రామచిలుకకు రెక్కలు కత్తిరించువా రీ సంగతి నెఱిగియే చేయుదురు. ఆ చిలుకను పంజరమున నుంచుటయే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరము.