పాత తోలుపట్టెను బాగుచేయు విధము

మంగలికత్తిని నూరుటకు రాయి కావలెను. నూరిన యంచును తీర్చి నునుపుచేయుటకు తోలుపట్టె కావలెను. మన దేశమున చిరకాలముగా తంగేడుచెక్కతో తోళ్లను పదునుచేయుచు వచ్చిరి. అట్లు తాను పదునైన తోలే కత్తికి పదును నిలుపును.

మా తండ్రిగారి పట్టె నాకు సంక్రమించినప్పుడు జిడ్డును ఇనుపపొడియు పేరుకొని నల్లబడియుండెను. నేను తొందరపడి దానిని నీళ్లలో నానవేసి యెండలో నారవేసితిని. తోలు బిరుసెక్కి, అంచున బీటవారెను. పిదప నేర్చుకొన్న క్రమ మిది:

1. పొడిగుడ్డతో దుమ్ము తుడువవలెను.

2. కొద్దిపాటి సబ్బునురుగుతో నిలువుగా రుద్ది, పిండిన తడిగుడ్డతో వెంటనే నురుగు తీసివేయవలెను.

3. నీడలో చదునుగా నారనీయవలెను.

4. గంట్లున్నచో, చెక్కముక్కకు చుట్టిన సన్నని గరుకుకాగితముతో మెల్లగా రుద్ది, రేణువు మిగులకుండ దులుపవలెను.

5. రెండు మూడు చుక్కల తోలునూనె పూసి, అరచేతితో చాలసేపు రుద్దవలెను.

కత్తిని నడుపునప్పుడు వెన్ను ముందును, అంచు వెనుకను ఉండవలెను. మరల్చునప్పుడు వెన్నుమీదనే తిప్పవలెను. లేనిచో తోలు తెగును. పట్టె వదులైనచో అంచు మొద్దువారును.

మా పట్టె మెత్తబడినది గాని, బీట మానలేదు. కావున పాతవస్తువును శుభ్రపరచుటకు ముందు, అది దేనితో చేయబడినదో విచారింపుడు.