ఫాంటు ఫైలును విప్పి చదువుదాం

లినక్స్ నల్ల తెర ముందు కూర్చున్న జూనియర్లు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఇందులో తెలుగు ఎందుకు సరిగ్గా రాదు?" జవాబు ఫాంటు ఫైలులోనే మొదలవుతుంది. అందుకే మేము ముందు కంప్యూటర్ ఆన్ చేయించం, గ్రాఫు నోటు తెమ్మంటాం.

8 గడుల వెడల్పు, 16 గడుల ఎత్తు గీసి కొన్ని గడులు నింపితే అక్షరం వస్తుంది. నిండిన గడి 1, ఖాళీ గడి 0. ఒక వరుస ఒక బైటు, ఒక అక్షరం 16 బైట్లు, 256 అక్షరాలకు 4,096 బైట్లు. ఇదే బిట్‌మ్యాప్ ఫాంటు. లినక్స్ దీన్ని పి.ఎస్.ఎఫ్. అనే రకం ఫైలులో దాస్తుంది. ఆ ఫైలును మామూలు ఎడిటర్‌లో తెరిస్తే కనబడేవి పిచ్చి గుర్తులే.

జాన్ ఎలియట్ తయారుచేసిన 'పి.ఎస్.ఎఫ్. టూల్స్' అనే ఉచిత పనిముట్లు ఇక్కడ అక్కరకొస్తాయి. వాటిలో ఒక ఆదేశం పేరు పి.ఎస్.ఎఫ్., అంకె 2, టి.ఎక్స్.టి. (చుక్కలు లేకుండా ఇంగ్లీషు చిన్న బడిలో కలిపి రాయాలి). ఆదేశం, ఫాంటు ఫైలు పేరు, కొత్త ఫైలు పేరు వరుసగా టైపు చేసి ఎంటర్ నొక్కడమే. ఫాంటు కుదించిన ఫైలైతే ముందుగా గన్‌జిప్‌తో విప్పుకోవాలి.

కొత్త ఫైలు పైభాగంలో వెడల్పు, ఎత్తు, అక్షరాల సంఖ్య ఉంటాయి. ఆ కింద ఒక్కో అక్షరం బొమ్మ. ఇంగ్లీషు మొదటి పెద్ద అక్షరం ఇలా ఉండవచ్చు (పైనా కిందా ఖాళీ వరుసలు వదిలేశాం):

---##---
--#--#--
--#--#--
-#----#-
-#----#-
-######-
-#----#-
-#----#-
-#----#-
-#----#-

ఆరో వరుస చూడండి. 64+32+16+8+4+2, అంటే 126. అసలు ఫైలులో ఆ వరుసకు ఉన్నది ఈ ఒక్క సంఖ్యే! మొదటి వరుస 16+8, అంటే 24. మిగతావి మీరే కట్టండి.

బొమ్మలో గుర్తులు మార్చి, తిరుగు ఆదేశంతో (టి.ఎక్స్.టి., అంకె 2, పి.ఎస్.ఎఫ్.) మళ్ళీ ఫాంటుగా మార్చవచ్చు. సెట్‌ఫాంట్ ఆదేశం దాన్ని తెర మీదికి తెస్తుంది.

మరి తెలుగు బొమ్మలు గీసి పెడితే చాలదా? చాలదు. యూనికోడ్‌లో 'కి' అంటే రెండు సంకేతాలు: 'క'కు 3093, గుడికి 3135. నల్ల తెర ఒక్కో సంకేతాన్ని ఒక్కో గడిలో విడిగా పెడుతుందే తప్ప రెంటినీ కలపదు. 'స్త్రీ'లో ఆరు సంకేతాలున్నాయి. కలిపిన రూపాలే గీసి పెడదామన్నా ఆ తెరకు 512 బొమ్మలే పరిమితి. మన గుణింతాలూ వత్తులూ అందులో ఎక్కడ పడతాయి? కాబట్టి బొమ్మలతో పాటు, వాటిని కలిపే ప్రోగ్రాము కూడా కావాలి. గ్రాఫిక్ తెరల మీద తెలుగు చక్కగా వస్తున్నది అటువంటి ప్రోగ్రాముల వల్లనే.

గీయడం మొదలుపెట్టేవారికి ఒక మాట. 'ఘ'ను 8 గడుల వెడల్పులో ఇమిడ్చి చూడండి, కష్టం తెలుస్తుంది. పి.ఎస్.ఎఫ్. రెండో కూర్పులో వెడల్పు 8 దాటవచ్చు. 16 గడులతో మొదలుపెట్టండి.