తెర కుట్టడం: మూర లెక్క, మీటరు లెక్క

మాది హోసూరు. ఈ సెలవుల్లో మా హాలు కిటికీకి నేనే తెరలు కుట్టాను. అవ్వ పక్కన కూర్చుని చెప్పింది, నేను మిషను తొక్కాను. అవ్వ చెప్పేది నోటుబుక్కులో రాసుకుంటుంటే ఒక సంగతి తెలిసింది. ఆమె మాటల్లో సగం నేను చిన్నప్పట్నుంచీ విన్నవే, కానీ ఒక్కసారీ రాసినవి కావు. అందుకే ఇక్కడ రెండు పాఠాలు ఉన్నాయి: తెర కుట్టే పద్ధతి ఒకటి, ఆ పనిలో దొరికే మన మాటలు ఒకటి.

కొలత

మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా మూర. బొటనవేలు, చిటికెనవేలు బాగా చాపితే జాన. రెండు జానలు ఒక మూర, రెండు మూరలు ఒక గజం. గజం అంటే 36 అంగుళాలు. అంగడిలో గుడ్డ మీటర్లలో ఇస్తారు. మీటరు 39 అంగుళాలకు కాస్త ఎక్కువ. అంటే 5 గజాలకూ 5 మీటర్లకూ దాదాపు 17 అంగుళాల తేడా. అవ్వ మూర, నా మూర కూడా ఒకటి కావు. కాబట్టి చేత్తో కొలిస్తే మొదట్నుంచీ చివరిదాకా ఒకే చెయ్యి కొలవాలి. గుడ్డ కొనేముందు మాత్రం టేపే మేలు.

మా కిటికీ వెడల్పు 48 అంగుళాలు. కుచ్చులు నిండుగా పడాలంటే దానికి రెండింతల గుడ్డ, అంటే 96 అంగుళాలు ఉండాలి. గుడ్డ పన్నా 54 అంగుళాలు. రెండు ముక్కలు తీసుకుని, ఒక్కోదానికి పక్క మడతలకు 4 అంగుళాలు పోతే 100 మిగులుతుంది, సరిపోతుంది. రాడ్డు నుంచి నేల దాకా 84 అంగుళాలు. పై మడతకు 4, కింది మడతకు 6 కలిపితే ఒక ముక్క 94, రెండూ 188. కొత్త నూలు గుడ్డ నూటికి 5 దాకా కుంచించుకుపోవచ్చు. అందుకని ఐదుంబావు మీటర్లు కొన్నాం.

కుట్టు

"ముందు తడపల్ల మే, ఆమైనే కత్తెర" అంటుంది అవ్వ. తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, అప్పుడు కత్తిరించాలి. మొదట పక్కలు రెండు మడతలు మడిచి కుట్టాలి, తర్వాత పైభాగం రాడ్డు దూరేంత గొట్టంలా కుట్టాలి. కింది అంచు వెంటనే మిషను మీద కుట్టకూడదు. చేత్తో పెద్ద కుట్లు వేసి రెండు రోజులు వేలాడదీస్తే గుడ్డ తన బరువుకు ఎంత సాగాలో అంత సాగుతుంది. అప్పుడు అంచు సరిచేసి కుడితే రెండు తెరలూ సమంగా నిలుస్తాయి.

మాటలు

కర్టెన్ ఇంగ్లీషు నుంచి, పరదా పారసీకం నుంచి వచ్చాయి. తెర మన పాత మాట. తమిళంలో తిరై, కన్నడంలో తెరె దాని తోబుట్టువులు. పెండ్లిలో అడ్డుతెర, పడవకు తెరచాప, సినిమాకు వెండితెర, అన్నీ దీన్నుంచే. మన సూది కన్నడంలో సూజి, తమిళంలో ఊసి. మన దారం కన్నడంలోనూ దారమే, తమిళంలో మాత్రం నూలు. చీర కుచ్చిళ్లను తమిళంలో కొసువం, కన్నడంలో నెరిగె అంటారు. మూడు భాషలూ వినిపించే హోసూరులో ఒక కుట్టు మిషను దగ్గర కూర్చుంటే చాలు, ఇవన్నీ చెవిన పడతాయి.

2006 నాటి చట్టంతో మన రాష్ట్రంలో బడిపిల్లలకు తమిళం తప్పనిసరి పాఠం అయింది. మనలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం రాస్తూ పెరిగాం. తమిళం రావడం మనకు లాభమే. కానీ పన్నా, జాన, కుచ్చిళ్లు లాంటి మాటలు పాఠ్యపుస్తకంలో మనకు దొరకలేదు. అవి పని చేసే చేతుల దగ్గరే ఉన్నాయి. తెరలు అంగట్లో కుట్టినవి కొనేస్తే పని సులభం అవుతుంది, తప్పు లేదు. అయితే పనితోపాటు పలికే మాట కూడా ఇంట్లోంచి పోతుంది.

ఈ కాగితం కింద కొంత జాగా వదిలాను. కృష్ణగిరి, బాగలూరు, డెంకణికోట, వేపనపల్లి వైపు నుంచి వచ్చే అక్కలు, చెల్లెళ్లు మీ ఇంట్లో వినే కుట్టుపని మాట ఒక్కటైనా రాయండి. వ్రాత సరిగా వస్తుందో లేదో అని ఆగొద్దు. పలికినట్టే రాయండి, మేడమ్‌ను అడిగి అందరం కలిసి సరిచూసుకుందాం.