ఊరుమ్మడి వైద్యుడు

మ్యునిసిపాలిటీ యనగానే మనకు రద్దీ వీధులును, అంగళ్లును, కొళాయిలును తలపునకు వచ్చును. కెనడా దేశములోని సస్కాచివాన్ రాష్ట్రమున నట్లు కాదు. అచటి గ్రామీణ మ్యునిసిపాలిటీలో ఇండ్ల వరుసలు కనబడవు. కనుచూపు మేర గోధుమచేలే.

ఆ మైదానమును సర్వేయరులు చదరంగపు బల్లవలె గీసిరి. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల చదరమునకు టౌన్‌షిప్పని పేరు. సాధారణముగా అట్టివి తొమ్మిది చేరి ఒక మ్యునిసిపాలిటీ యగును. 1872వ సంవత్సరపు చట్టము ప్రకారము వలస వచ్చిన రైతు పది డాలర్లు చెల్లించి 160 ఎకరములు కోరవచ్చును. మూడేండ్లు అచటనే నివసించి, సేద్యము చేసి, ఇల్లు కట్టుకొన్నచో పట్టా లభించెడిది. అంతకు పూర్వ మా నేల క్రీ మొదలగు ఆదివాసులు సంచరించినదని మరువరాదు.

ఎవరి పొలములో వారు ఇల్లు కట్టుకొనుటచే పొరుగిల్లు అరమైలు దూరమయ్యెను. శీతకాలమున చలి సున్నకు ముప్పది డిగ్రీలు దిగువకును పోవును. అట్టి రాత్రి బిడ్డకు జ్వరము వచ్చినచో తల్లి యేమి చేయగలదు? వైద్యుడు రావలెను; వచ్చినను రుసుము చెల్లించుటకు పంట చేతికందవలెను. పంట పోయిన యేడు వైద్యునికిని పస్తే. ఇక నాతడు పట్టణమునకు పోవక యేల నిలుచును?

1914లో హోల్డ్‌ఫాస్ట్ గ్రామమున్న సార్నియా మ్యునిసిపాలిటీకి ఈ చిక్కే వచ్చెను. ఉన్న యొక్క వైద్యుడును వెడలిపోవునేమో యని భయపడి, సభ్యులు పన్నుల సొమ్మునుండి ఏటికి 1500 డాలర్లు ఆతనికి ఇచ్చుటకు తీర్మానించిరి. రోగము ఒక యింటికి వచ్చును, ఖర్చు మాత్రము అందరి భూములపై పడును. అది వారి లెక్క. నాటికి అట్లు చేయుటకు చట్టములో అధికారము లేదు! 1916లో శాసనమును సవరించి అనుమతి నిచ్చిరి. పిమ్మట మరి కొన్ని మ్యునిసిపాలిటీలు నదే త్రోవ పట్టినవి.

1947లో రాష్ట్రమంతటను ఆసుపత్రి భీమా వచ్చెను. 1962 జూలై 1వ తేదీన అందరికిని వైద్య భీమా ప్రారంభము కాగా, వైద్యులలో అనేకులు సమ్మె కట్టిరి. మూడు వారములకు రాజీ కుదిరెను. 1966లో కెనడా పార్లమెంటు ఆ పద్ధతికి దేశమంతట నాధారమగు శాసనము చేసెను.

పల్లెలు మాత్రము చిక్కిపోయినవి. యంత్రములు పెరిగి పొలములు పెద్దవైనవి, కాపురములు తగ్గినవి. రైలుశాఖలు పెక్కు మూతపడి, దూరమునుండి ఊరి గుర్తుగా కనబడు కొయ్య ధాన్యపు గాదెలను చాలచోట్ల కూల్చివేసిరి. రుసుము బెంగ తీరినను వైద్యుడు దొరకుట నేటికిని దుర్లభమే. పల్లెలవారు ఇల్లు చూపి, సొమ్ము పోగుచేసి, మరల వైద్యుని పిలుచుకొనుచున్నారు.