బాధితురాలికి సూతకము లేదు

లింగధారికి జాతి, జనన, ప్రేత, రజ, ఉచ్ఛిష్టములను పంచసూతకములు లేవనుట వీరశైవ సిద్ధాంతము. దేహమును దేవాలయముగా దర్శింపజేసినవాడు బసవేశ్వరుడు. అయినను ఈ సిద్ధాంతమును పఠించు గృహములలోనే అత్యాచారమునకు గురియైన బిడ్డను మైలపడినదానివలె చూచుట కలదు. పూజకు దూరముగా నుంచుదురు, "ఆ వేళ అక్కడి కేల పోతివి?" అని నిలదీయుదురు. ఇది రెండవ గాయము. ఆలయమున దొంగ చొరబడినచో దోషము దొంగదే; ఆలయము నెవ్వరును విడనాడరు.

ఇంటివారి ప్రథమధర్మము నమ్ముట. "నీ తప్పేమియు లేదు, మేమున్నాము" అని పలుకవలెను. ఆమె చెప్పినంత వినవలెను. చెప్పనిదానిని త్రవ్వి అడుగరాదు. భయముచే దేహము కొయ్యబారుట కలదు. కేకవేయకపోవుట అంగీకారము కాదు. ఏడ్వకుండుటయు, జ్ఞాపకము తడబడుటయు సహజమే. అక్కున జేర్చుకొనుటకైనను ఆమె సమ్మతి నడుగవలెను. ఏలయన ఆమె ఇష్టమును త్రోసిపుచ్చుటయే జరిగిన హింస. మగబిడ్డకు జరిగినను ఇదియే న్యాయము.

వైద్యమునకు జాగు చేయరాదు. గర్భము నిలువకుండుటకును, హెచ్.ఐ.వి. సోకకుండుటకును ఇచ్చు మందులను 72 గంటలలోపల, ఎంత శీఘ్రముగా మొదలిడిన అంత మేలు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండును ఉచితముగా చికిత్స చేయవలెనని చట్టము. ఆనాటి వస్త్రములను ఉతుకక కాగితపు సంచిలో భద్రపరుపవలెను. స్నానము చేసియున్నను వైద్యుని చూడవలసినదే. 181 సంఖ్యకు ఫోను చేసిన సహాయము లభించును. ఏ పోలీసుఠాణాలోనైనను ఫిర్యాదు చేయవచ్చును. వయస్సు వచ్చిన స్త్రీ విషయమున ఆ నిర్ణయము ఆమెదే. 18 ఏండ్లలోపు బిడ్డయైనచో 2012 నాటి పోక్సో చట్టముననుసరించి తెలియజేయుట తప్పనిసరి. బాధితురాలి పేరు వెల్లడిచేయుట నేరము. అయితే ఆమె గుట్టు కాపాడుట వేరు, సిగ్గుపడి ఆమెను దాచుట వేరు.

మఠమునందుగాని, పెద్దల యెదుటగాని రాజీ కుదుర్చుటయు, దుర్మార్గునికే ఇచ్చి పెండ్లి చేయుటయు ధర్మము కాదు. కౌశికరాజును విడిచి వెడలివచ్చిన మహాదేవిని కల్యాణమున శరణులు అక్కయని గౌరవించిరని సంప్రదాయము. ఆ గౌరవమే నేటి బిడ్డకును దక్కవలెను. ఆమె చదువు గాని, కాయకము గాని ఆగరాదు. నెలలు గడచినను నిద్రలో ఉలికిపడినచో విసుగుకొనక మనోవైద్యుని సాయము కోరవలెను. ఆమె కోరిననాడు ఇష్టలింగము యథాప్రకారము ఆమె కరస్థలమున పూజలందుకొనవలెను. కోరనినాడు బలవంతము చేయరాదు.